చేపకు బదిలీ ఉండదు

"ఇక్కడ సముద్రం ఎటువైపు?"

రాయ్‌పూర్ వచ్చిన మొదటి వారంలో మా పాప అడిగిన ప్రశ్న ఇది. అంతకుముందు మేము విశాఖపట్నంలో ఉన్నాం. అక్కడ ఏ వీధిలో నిలబెట్టినా సముద్రం ఎటువైపో వేలు పెట్టి చూపించేది. ఇక్కడ ఏ వైపు చూపించాలో మాకూ తోచలేదు. సముద్రం చూడాలంటే మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో ఒక రాత్రంతా ప్రయాణం చేయాలి. ఆ ప్రశ్న నుంచే మా ఇంట్లో ఉప్పునీటి తొట్టి పుట్టింది. ఇప్పుడు హాల్లో ఒక మూల రెండడుగుల గాజుతొట్టి, అందులో ఇసుక, రాళ్లు, రెండు నారింజ రంగు క్లౌన్ చేపలు ఉన్నాయి.

ఇంటికొచ్చిన వాళ్లందరూ ఒకే మాట అంటారు. "బాగుందండీ, మరి బదిలీ అయితే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. బదిలీల మీద బతికే మనలాంటి కుటుంబాలు కూడా సముద్రపు తొట్టి పెట్టుకోవచ్చని మా అభిప్రాయం. కానీ అందుకు రెండు షరతులున్నాయి. నీళ్లు సిద్ధమయ్యేదాకా ఓపిక పట్టాలి. మన తరవాత ఎవరు చూస్తారో మొదటి రోజే తేల్చుకోవాలి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా తొట్టి జోలికి వెళ్లకూడదు.

మొదటి షరతు సంగతి మాకు తప్పు చేశాకే తెలిసింది. తొట్టి కొన్నాం, నీళ్లు పోశాం, ఉప్పు కలిపాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు అమ్మినచోట "తేటగా ఉన్నాయిగా, వేసేయండి" అన్నారు. మాకూ అదే వినాలని ఉంది. నాలుగో రోజున రెండు చేపలు వేశాం. ఏడో రోజుకి రెండూ పోయాయి. పాప వాటిని క్వార్టర్ వెనక జామచెట్టు కింద పూడ్చి, రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు మాదే కాబట్టి మేమూ ఏమీ అనలేకపోయాం.

నీళ్లు తేటగా ఉండటం వేరు, బతకడానికి పనికిరావడం వేరు. చేప వదిలే వ్యర్థం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అది కంటికి కనిపించదు. సముద్రపు నీరు కాస్త క్షార గుణం కలది కాబట్టి అందులో అమోనియా మరింత విషం. సముద్రంలో అయితే కొన్ని రకాల బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఇంకా ఉండవు. అవి రాళ్ల మీద, ఇసుకలో కాపురం పెట్టడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తొట్టికి అసలైన యజమానులు అవే. చేపలు తరవాత వచ్చే అద్దెకున్నవాళ్లు.

రెండోసారి పద్ధతిగా చేశాం. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేశాం. రెండు రోజులకోసారి పరీక్ష కిట్‌తో నీళ్లు చూసి, అంకెలు ఒక నోటుపుస్తకంలో రాశాం. మొదట అమోనియా పెరిగింది, తరవాత తగ్గింది. నైట్రైటు పెరిగింది, అదీ తగ్గింది. చివరికి అమోనియా, నైట్రైటు రెండూ సున్నా అయి నైట్రేటు మాత్రమే మిగిలింది. అలా అవడానికి 38 రోజులు పట్టింది. ఆ 38 రోజులూ ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చున్నాం. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. చేపకు ఇల్లు కట్టి చూడమని కూడా కలపవచ్చు.

మొదలుపెట్టాలనుకునే వాళ్లకు ఉపయోగపడే సంగతులు కొన్ని చెప్తాం. మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. రాళ్లు, ఇసుక పోను 55 నుంచి 60 లీటర్ల నీళ్లు పడతాయి. గాజుతో, రాళ్లతో కలిపి బరువు 80 కిలోలు దాటుతుంది కాబట్టి పుస్తకాల అలమరా మీద పెట్టే వస్తువు కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లెక్కన మాకు రెండు కిలోల పైచిలుకు ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణాల్లో దాదాపు 85 శాతమే సోడియం, క్లోరైడ్. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ వంటివి. అందుకే తొట్ల కోసం తయారు చేసిన ఉప్పే కొనాలి.

ఇంట్లో ఆర్.ఓ. మెషీన్ ఉందిగా, ఆ నీళ్లు వాడేద్దాం అనుకోకండి. తాగడానికి రుచి కోసం చాలా మెషీన్లు శుద్ధి చేసిన నీళ్లలో కొంత మామూలు నీటినో, ఖనిజాలనో మళ్లీ కలుపుతాయి. ఉప్పు కలపకముందు టి.డి.ఎస్. మీటరు సున్నాకు దగ్గరగా చూపించే నీళ్లే దీనికి సరైనవి.

ఇక రాయ్‌పూర్ ఎండల గురించి చెప్పాలి. మే నెలలో బయట 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తొట్టిలో 26 డిగ్రీల దగ్గర ఉండాలి. నీటి పైభాగానికి చిన్న ఫ్యాను పెడితే కొంత చల్లబడుతుంది, కానీ నీళ్లు ఆవిరైపోతాయి. వేసవిలో మా తొట్టి నుంచి రోజుకు లీటరుకు పైగా ఆవిరవుతుంది. నీళ్లు ఆవిరవుతాయి గాని ఉప్పు ఆవిరవదు. అందుకే గాజు మీద టేపుతో గీత పెట్టి, ఆ గీత వరకు రోజూ ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లే పోయాలి. ఆ పని పాపది. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టాలి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, మంచినీటి చేపలు చాలవా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంచినీటి తొట్టి తేలిక, ఖర్చు తక్కువ. ఈ తొట్టి వల్ల మా ఇంటికి వచ్చిన లాభం ఒకటే. సముద్రం ఎంత సున్నితమైనదో పాపకు పాఠం చెప్పకుండానే తెలిసింది. మీటరులో రెండు డిగ్రీలు పెరిగితే ఇల్లంతా కంగారు పడటం తను చూసింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడపు దిబ్బలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తరవాత ఎప్పుడో పాప ఆ సంగతి చదివి, సముద్రానికి ఫ్యాను ఎవరు పెడతారని అడిగింది. పగడపు జీవి ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు ఉంటాయి. దాని తిండిలో ఎక్కువ భాగం అవి పెట్టేదే. మామూలు వేసవి కంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం వాటిని బయటికి పంపేస్తుంది. అప్పుడు తెల్లబడి, ఆకలితో చనిపోవచ్చు.

అందుకే మా తొట్టిలో పగడం లేదు. ఈ విషయంలో మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. రంగురంగుల ఫోటోలు చూసి పాప పగడం కావాలంది. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. సముద్రగుర్రాలకూ అదే వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, రెండు చేపల్ని ఏడో రోజుకే పోగొట్టుకున్న మాకు పగడం పెంచే అర్హత ఇంకా రాలేదు. చేపల్ని కూడా హేచరీలో పుట్టినవే తెచ్చాం. క్లౌన్ చేపల్ని గుడ్డు నుంచి పెంచే పద్ధతిని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా సాధించారు. కాబట్టి దిబ్బల మీద వల వేసి పట్టిన చేప మనకు అక్కర్లేదు.

ఇక రెండో షరతు. క్లౌన్ చేప సముద్రంలో తన సీ అనిమోన్‌ను వదిలి కొన్ని మీటర్ల దూరం కూడా పోదు. జాగ్రత్తగా చూసుకుంటే తొట్టిలో పదేళ్లు దాటి బతుకుతుంది. మన పోస్టింగు మూడేళ్లో, నాలుగేళ్లో. అంటే ఒక్క చేప జీవితకాలంలో మనం మూడు ఊళ్లు మారతాం. మంచం, బీరువా, సైకిలు లారీ ఎక్కుతాయి. నీళ్లతో, బాక్టీరియాతో, చేపలతో ఉన్న తొట్టి లారీ ఎక్కదు. వేసవి సెలవుల్లో ఆర్డర్లు వచ్చాక పక్షుల పంజరాలు, చేపల గిన్నెలు ఎవరికి ఇవ్వాలో తెలియక క్వార్టర్ల చుట్టూ తిరిగిన కుటుంబాల్ని మేము ప్రతి ఊళ్లోనూ చూశాం. చెరువులో వదిలేసిన వాళ్లనీ చూశాం. ఉప్పునీటి చేపకు చెరువంటే చావే.

తొట్టి అన్నాక దాని వెనక ఎవరిదో ఒక చేయి రోజూ ఉండాలి. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండు తీరంలోని టార్కీ నుంచి పగడపు జీవుల్ని లండన్‌లోని తన ఇంటికి తెచ్చి పెంచింది. అప్పట్లో గాలి పంపులు లేవు. ఇంట్లో పనిచేసే అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి సముద్రపు నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోస్తూ ఉండేది. పేరు ఆనా థిన్‌కు దక్కింది, పగడాల్ని బతికించింది ఆ అమ్మాయి చేతులు. మనం ఊరు మారితే ఆ చేతులు ఎవరివి?

మా తొట్టికి ఆ చేతులు దొరికాయి. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న తాతగారు ఒకరు మాకు పరిచయం. తొట్టి కొనే ముందే ఆయన్ని అడిగాం. "నేను ఇంకెక్కడికి పోతాను, నా దగ్గర పెట్టండి" అన్నారు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, పదోవంతు నీళ్లు మార్చేటప్పుడు తానూ చేయి వేస్తారు. మా నోటుపుస్తకం ఇప్పుడు ఆయనకూ అర్థమవుతుంది. ఏ రోజు ఉష్ణోగ్రత ఎంత, ఉప్పు ఎంత, ఏ చేప మేత తినలేదు, అన్నీ అందులో ఉన్నాయి. మీ అమ్మానాన్నలు ఆఫీసులో ఛార్జి అప్పగించేటప్పుడు కాగితాలన్నీ వివరంగా రాసిస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఈ ఏడాది మాకు రాయ్‌పూర్‌లో నాలుగో సంవత్సరం. ఆర్డరు ఎప్పుడైనా రావచ్చు. పాప ఏడుస్తుందని తెలుసు. కానీ చేపలకు మాత్రం ఏమీ తెలియదు, నీళ్లు అవే, రాళ్లు అవే.

అలాంటి మనిషి దొరకకపోతే ఏం చేయాలి? తొట్టి పెట్టకూడదు. అందులో చిన్నతనం ఏమీ లేదు. 1877లో తండ్రి పనిమీద రాయ్‌పూర్ వస్తే వెంట వచ్చిన నరేంద్రుడు, అంటే మన వివేకానందుడు, ఈ ఊళ్లో రెండేళ్లు ఉన్నాడు. బూఢా తాలాబ్‌కు ఇప్పుడు ఆయన పేరే. ఆ చెరువు గట్టున ఒక గంట కూర్చుంటే ఖర్చు లేకుండా చేపల్ని, కొంగల్ని చూడవచ్చు. వాటి బాధ్యత ఆ చెరువే చూసుకుంటుంది.

పాప అడిగిన ప్రశ్నకు జవాబు కూడా మాకు తరవాత దొరికింది. రాయ్‌పూర్ పక్కన పారే ఖారున్ నది శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో, మహానది బంగాళాఖాతంలో కలుస్తాయి. అంటే ఇక్కడ కాలవలో మనం పారేసే ప్లాస్టిక్ కవరు కూడా ఒక రోజున సముద్రానికే చేరవచ్చు. మరో విచిత్రం, ఈ ఊరి కింద ఉన్న సున్నపురాయి ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున ఏర్పడింది. అందులో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాతి గుట్టల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కంటికి కనిపించని జీవులు ముందు వచ్చి ఇల్లు కట్టడం ఇక్కడ కొత్తేమీ కాదు. "సముద్రం ఎటువైపు?" అని ఇప్పుడు ఎవరైనా అడిగితే పాప ఖారున్ పారే వైపు చూపిస్తుంది.

మీలో ఎవరికైనా ఇలాంటి తొట్టి మీద మనసైతే ముందు ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో తొట్టి కొలతలు కాకుండా, మీ తరవాత దాన్ని చూసుకునే వాళ్ల పేరు రాయండి. ఆ పేరు దొరికాకే గాజు కొనడానికి బయల్దేరండి.