పాంగాంగ్‌కు ఒక్క రోజు చాలు, దాని ముందు నాలుగు రోజులు కావాలి

వేసవి సెలవులకు లద్దాఖ్ వెళ్దామని ఇంట్లో మాట అనుకున్నవారు, టికెట్లు కూడా తీసేసుకున్నవారు మీలో కొందరైనా ఉండే ఉంటారు. 2009లో వచ్చిన ‘త్రీ ఇడియట్స్’ సినిమా చివరి సన్నివేశం పాంగాంగ్ సరస్సు దగ్గర తీశాక, ఆ నీలిరంగు నీళ్లు చూడాలని అడగని పిల్లలు లేరు. అడగనివ్వండి, తీసుకెళ్లండి కూడా. నా అభ్యంతరమల్లా ఆ ప్రయాణానికి మనం రోజులు లెక్కవేసే తీరు మీదే.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విజయవాడ, నెల్లూరు అంత ఎత్తు కూడా లేవు. లేహ్ ఉన్నది దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో. పొద్దున ఢిల్లీలో విమానం ఎక్కితే టిఫిన్ వేళకు అక్కడ దిగుతాం. సెలవులు తక్కువ కాబట్టి రెండో రోజో మూడో రోజో పాంగాంగ్ పెట్టేస్తారు. ఆ దారిలో చాంగ్ లా దాటాలి. ‘లా’ అంటే అక్కడి భాషలో కనుమ. దాని ఎత్తు 5,300 మీటర్లకు పైనే. అక్కడ కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది, కానీ గాలి ఒత్తిడి మాత్రం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో ఇంచుమించు సగం. అంటే మీ పాప పీల్చే ప్రతి ఊపిరిలోనూ ఆక్సిజన్ సగమే.

దీనికి శరీరం అలవాటు పడుతుంది, కానీ రోజులు పడుతుంది. మంచి ఒంటికీ ఇది తప్పదు. రోజూ క్రికెట్ ఆడే పిల్లాడికి ఏమీ కాదనుకోవడం పొరపాటు, ఎత్తు జబ్బు ఫిట్‌నెస్ చూసి రాదు. నన్నడిగితే మొదటి రెండు రోజులు లేహ్‌లో ఏ పనీ పెట్టుకోకండి. మంచినీళ్లు, తేలికైన భోజనం, సాయంత్రం బజారులో నెమ్మదిగా ఒక చుట్టు, అంతే. మూడో రోజు నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ నదులు కలిసేచోటు చూపించండి. రెండు నదుల రంగులు పక్కపక్కనే వేరుగా కనబడతాయి, పైగా ఆ చోటు లేహ్ కంటే కిందే. నాలుగో రోజు దగ్గర్లోని ఒక బౌద్ధ మఠం. ఐదో రోజు పాంగాంగ్. ‘రెండు రోజులు హోటల్లో కూర్చోడానికా ఇంత ఖర్చు?’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అవును, అందుకే.

ఇంకో సంగతి ప్యాకేజీ కాగితంలో ఉండదు. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడం. పాంగాంగ్ దగ్గర ఒంట్లో బాగోలేకపోతే లేహ్‌కు దిగాలనుకుంటాం. కానీ సరస్సు 4,200 మీటర్ల పైన, కనుమకు అవతల ఉంది. లేహ్ రావాలంటే ముందు మళ్లీ చాంగ్ లా ఎక్కాలి. కాబట్టి బయలుదేరాలా వద్దా అన్న నిర్ణయం పొద్దున లేహ్‌లోనే, కనుమకు ఇవతలే జరగాలి. సరస్సు ఒడ్డున గుడారాల్లో రాత్రి బస బాగుంటుందని చెప్తారు. చిన్నపిల్లలతో వద్దనే అంటాను. పోనూ రానూ 300 కిలోమీటర్లు, బండిలోనే తొమ్మిది పది గంటలు. అలసటే, కానీ నిద్రపోయేది లేహ్ ఎత్తులో.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం పిల్లల మౌనం. మన పిల్లలు జ్వరం ఉన్నా పరీక్ష రాసి వచ్చే పిల్లలు. వంద శాతం హాజరుకు సర్టిఫికెట్ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించుకునే పిల్లలు. నాన్న ఎంత ఖర్చుపెట్టారో, అమ్మ ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిందో వాళ్లకు తెలుసు. తల పగిలిపోతున్నా ‘బాగానే ఉన్నానమ్మా’ అంటారు. మరీ చిన్నవాళ్లకు చెప్పడమే రాదు. అన్నం వద్దంటారు, చిరాకు పడతారు, మగతగా ఉంటారు. దాన్ని మనం ప్రయాణం అలసట అనుకుంటాం. అందుకే బయలుదేరే ముందు, ఇంట్లో ఉండగానే, మాట ఇవ్వండి: ‘నీకు తలనొప్పి అనిపిస్తే చెప్పు, వెనక్కి వచ్చేద్దాం, ఎవరూ ఏమీ అనరు.’ ఆ మాట అన్నాక నిలబడండి కూడా. చెల్లి వల్లే సరస్సు చూడలేకపోయామని అన్నయ్య అంటే, అక్కడే ఆపండి.

తలనొప్పికి వాంతులు, తల తిరగడం తోడైతే ఆ రోజు కనుమ ఎక్కకూడదు. గీత మీద తిన్నగా నడవలేకపోయినా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే ఆస్పత్రి, వెంటనే కిందికి. ముందుజాగ్రత్త మాత్రలు ఉన్నాయి, కానీ పక్కింటివారు వాడారని కొనకండి. పిల్లల డాక్టరును అడిగి, మోతాదు ఆయన చెబితేనే వాడండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పిల్లలను, తాతయ్య నానమ్మలను తీసుకెళ్లాలా అన్నదీ డాక్టరే చెప్పాలి.

మిగతావి చిన్న విషయాలు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మే నెలలో కూడా కనుమ మీద మంచు ఉంటుంది. చిప్స్ ప్యాకెట్ ఒకటి బ్యాగులో వేసుకోండి. చాంగ్ లా మీద అది బెలూన్‌లా ఉబ్బుతుంది, వాతావరణ పీడనం పాఠం అంతకంటే బాగా నేనూ చెప్పలేను. సరస్సు నీళ్లు ఎందుకు ఉప్పగా ఉన్నాయో పిల్లలనే ఆలోచించమనండి. సముద్రం దగ్గర్లో లేదు, కానీ ఆ నీళ్లు బయటికి పారే దారి లేదు.

చేతిలో ఐదు రోజులే ఉంటే లద్దాఖ్ మానేసి సిక్కిం చూడండి. గాంగ్‌టక్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 3,700 మీటర్ల పైన సోంగో సరస్సు ఉంది. ఇక్కడా ఎత్తు మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే, కానీ ఒంట్లో బాగోలేకపోతే దారంతా దిగుడే, నిద్ర 1,650 మీటర్ల ఎత్తులో. అనుమతి పత్రం అక్కడి ట్రావెల్ ఏజెంట్ తీసిస్తారు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు పట్టుకెళ్లండి.

లేహ్ టికెట్లు ఇప్పటికే తీసుకున్నవారు ఈ వారమే ఏజెంట్‌కు ఫోన్ చేసి, పాంగాంగ్ రోజును చివరికి జరపమనండి. రాత్రికి ఎలాగూ లేహ్‌కే తిరిగి వస్తారు కాబట్టి హోటల్ గది మార్చాల్సిన పని కూడా ఉండదు.