ఉచితం ఎవరికి?

"చదువు యిక అందరికీ అందింది, ఫోను తెరిస్తే చాలు, అంతా ఉచితం" అని మన మిత్రులలో కొందరు సంబరపడుతున్నారు. మరికొందరు యిదంతా పెట్టుబడిదారీ మాయ, తాకరాదు పొమ్మంటున్నారు. యీ రెండు వాదాలూ నాకు సమ్మతం కావు. అచ్చుయంత్రం పెట్టుబడిదారు చేతిలోనే పెరిగింది. అందుకని మనం కరపత్రాలు వేయటం మానలేదు.

నరసరావుపేటలో కూర్చుండి, జీతం పుచ్చుకోకుండా, ఆన్‌లైనులో లెక్కలు చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కనుక దీనిని ఆత్మవిమర్శగానే చదవండి.

మాచర్ల ప్రాంతపు పల్లె నుంచి ఒక అమ్మాయి నా తరగతిలో చేరింది. యింటికంతటికీ ఒకే ఫోను. అది తండ్రి జేబులో వుంటుంది. మిరపకోతలు వచ్చాయి. పగలు కూలికి పోయి, రాత్రి ఫోను చేతికొచ్చేసరికి పాఠం అయిపోయేది. "పాఠం ఎక్కడికీ పోదమ్మా, రికార్డు వున్నది గదా, తరువాత చూసుకో" అన్నాను. పాఠం ఎక్కడికీ పోలేదు; పోయింది పిల్లే. బడిలో అయితే ఖాళీ అయిన చోటు నా కంటపడేది. నా జాబితాలో మాత్రం ఆమె పేరు నేటికీ వున్నది. సంఖ్య తగ్గలేదు!

జాతీయ నమూనా సర్వే 2017–18 లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు వున్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యం వున్నవి 14.9. ఆ తరువాత ఫోనులు పెరిగిన మాట నిజమే. కాని కూలికి పోయే ఆడపిల్లకు రెండు గంటల తీరిక ఏ ఫోను యిస్తుంది?

2009లో స్వచ్ఛంద బోధకులతో పుట్టిన పీర్ టు పీర్ యూనివర్సిటీ ఆన్‌లైను ఉచిత పాఠాలతోనే మొదలైంది. కొన్నేళ్లకు చికాగో ప్రజా గ్రంథాలయంతో కలిసి, జనాన్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఆన్‌లైను పాఠాలు చదివించే పద్ధతికి వచ్చింది. చికాగోలో కావలసి వచ్చిన బల్ల గురజాలలో అక్కరలేదా?

అంతదూరం పోనేల? 1990ల తొలి ఏండ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో పాఠాలు చెప్పిందీ జీతంలేని కార్యకర్తలే. రాత్రి బడిలో కలిసి కూర్చున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఎవరి యింట్లో వారు ఒంటరిగా అక్షరాలు దిద్దివుంటే ఆ దుకాణం తలుపులు మూతపడేవా?

మరొక ప్రమాదం వున్నది. "ఉచితంగా చెప్పేవాళ్లుండగా ఉపాధ్యాయుల ఖాళీలు నింపటమెందుకు?" అనే వాదానికి మన త్యాగమే ఆయుధమవుతుంది. దానిని మొదటే ఎదిరించవలసినవాళ్లం మనమే.

పాఠాలు తెలుగులో వుండాలి. ఎవరైనా డౌన్‌లోడు చేసుకొని పదిమందికి పంచేటట్లుండాలి. ప్రతి వూరి గ్రంథాలయంలో కంప్యూటరూ, ఇంటర్నెట్టూ, సాయంత్రం తెరిచి వుండే తలుపూ, జీతమిచ్చి నియమించిన మనిషీ కావాలి. యివి పోరాడి సాధించవలసినవి. అందాకా ఉపాధ్యాయులూ, విద్యార్థులూ వారానికొక సాయంత్రమైనా పల్లెలకు పోవాలని నా మనవి. నా మటుకు నేను, వచ్చే మిరపకోతల కాలంలో, కూలీలు యిల్లు చేరే వేళకు, ఆ అమ్మాయి వూళ్లో వుంటాను.