కోత కార్డులో లేదు, రేటులో ఉంది

హుజూరాబాద్‌లో ఒక కుటుంబం దుబాయ్‌కో బ్యాంకాక్‌కో వారం రోజులు పోయి వద్దామని టికెట్లు కొన్నదంటే చాలు, నాలుగు దిక్కుల నుంచి సలహాలు వచ్చి పడతాయి. ఎక్కడ తినాలి, ఏది చూడాలి అన్నవాటి మీద తలా ఒక మాట చెప్తారు గానీ, పైసల దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకే గొంతు: "కార్డు గీకితే కోతలే కోతలు. డాలర్లు తీసుకొని చేతిల పెట్టుకోండ్రి." టూర్ ఏజెంటు ఇదే అంటాడు, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన బావ ఇదే అంటాడు, ఎన్నడూ విమానం ఎక్కని పెద్దనాయన కూడా ఇదే అంటాడు. ఈ మాట తప్పు. ఖర్చు లెక్కన తప్పు, భద్రత లెక్కన తప్పు, చాలాసార్లు చట్టం ముందు కూడా తప్పు. ఏడాదంతా కూడబెట్టిన సొమ్ముతో పిల్లల్ని తీసుకొని పోయే మధ్యతరగతి కుటుంబం ఈ ఒక్క మాట నమ్మి వేలకు వేలు పోగొట్టుకుంటుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు కోత సంగతే చూద్దాం. కార్డు మీద కోత ఉన్న మాట నిజమే. మామూలు బ్యాంకు కార్డును విదేశంలో వాడితే మార్పిడి రుసుము సాధారణంగా 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. లక్ష ఖర్చుపెడితే 4,130 రూపాయలు. స్టేట్‌మెంట్‌లో అది కనిపిస్తుంది, కనిపిస్తుంది కాబట్టే కడుపు మండుతుంది. మరి నోట్లలో కోత లేదా? ఉంది. దానికి విడిగా ఒక గీత గీసి చూపించరు, అంతే.

లెక్క వేద్దాం. బజారులో డాలరు 90 రూపాయలు అనుకుందాం. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి దిర్హం విలువ 24 రూపాయల 50 పైసలు. లక్ష రూపాయలకు న్యాయంగా 4,080 దిర్హములు రావాలి. ఇక్కడ మార్పిడి దుకాణంలో డాలరును 92.50కి అమ్మారనుకోండి, లక్షకు 1,081 డాలర్లు వస్తాయి. దుబాయ్‌లో దిగాక వాటిని 3.62 చొప్పున మార్చుకుంటే చేతికి వచ్చేది 3,913 దిర్హములు. తక్కువపడ్డ 167 దిర్హములు నాలుగు వేల రూపాయల పైమాటే. కార్డు కొరికినంతా నోటూ కొరికింది. పైగా "జీరో కమీషన్" అన్న బోర్డు కింద నిలబడి, లాభపడ్డామనుకుంటూ ఇంటికి వచ్చాం. మిగిలిన నోట్లను తిరిగి అమ్మబోతే ఇంకో కోత: అమ్మేటప్పుడు 92.50 అన్నవాడే కొనేటప్పుడు 87, 88 అంటాడు. ఇక విమానాశ్రయం కౌంటరులో మార్చుకుంటే రేటు ఇంతకన్నా అధ్వానం, ఎందుకంటే అక్కడికి వచ్చినవాడికి ఇంకో దుకాణానికి పోయే తీరిక ఉండదని వాళ్లకు తెలుసు.

దుబాయ్ పోయేవాళ్లు అసలు డాలర్లు ఎందుకు కొంటున్నారో నాకు అర్థం కాదు. రూపాయిని డాలరు చేసి, డాలరును దిర్హం చేస్తే రెండు చోట్ల వట్టం కట్టినట్టే. దిర్హములే కావాలంటే ఇక్కడే దిర్హములు అడగాలి, రెండు మూడు చోట్ల రేటు కనుక్కోవాలి. డాలర్లు చేతిలో ఉంటే ఎక్కడైనా చెల్లుతాయన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. మన తాతలకు రెండు రకాల రూపాయల లెక్క తెలుసు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, రాజ్యం దాటితే బ్రిటిష్ రూపాయి, అంటే కల్దార్. ఏడు హాలీలకు దాదాపు ఆరు కల్దార్లు. 1959లో పూర్తిగా రద్దయ్యేదాకా హాలీ సిక్కా ఈ ప్రాంతపు జనం చేతుల్లో మారింది. చేతిలో చెల్లే నాణెం ఉంటేనే పొరుగూరి బజారులో పలుకుబడి అన్నది ఆ తరం అనుభవం. ఆ తర్వాత 1973 నాటి ఫెరా చట్టం వచ్చి విదేశీ మారకాన్ని రేషను సరుకు చేసింది. డాలరు దొరకడమే గగనమైన రోజుల్లో ఎవరో ఒక సేటును పట్టుకొని, ఎంతంటే అంత ఇచ్చి తెచ్చుకున్నవాళ్లను తప్పుపట్టలేం. ఆ కరువు పోయింది. పోగొట్టింది మనకు దగ్గరి వంగర బిడ్డ పీవీ నరసింహారావు ప్రభుత్వమే. 1991 జులైలో బంగారం విదేశానికి తరలించి పరువు నిలుపుకోవాల్సి వచ్చిన దేశం, 1994 ఆగస్టు నాటికి కరెంట్ ఖాతా లావాదేవీల మీద ఆంక్షలు ఎత్తేసే స్థితికి చేరింది. 2000 జూన్ 1 నుంచి ఫెరా పోయి ఫెమా అమల్లోకి వచ్చింది. నేడు ఒక్కో మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా చట్టబద్ధంగా పంపుకోవచ్చు, ఖర్చుపెట్టుకోవచ్చు. కరువు పోయి ముప్పయ్యేళ్లు దాటినా కరువు నాటి అలవాటు మాత్రం మన సూట్‌కేసుల్లోనే తిరుగుతోంది.

ఆ అలవాటులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటుంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్‌తో బంధం లేని ఊరు అరుదు. కాబట్టి మాట ఇట్లా నడుస్తుంది: "మా తమ్ముడు షార్జాల ఉన్నడు. నువ్వు ఇక్కడ వాళ్లింట్ల రూపాయలియ్యి, వాడు అక్కడ నీకు దిర్హములిస్తడు. కోత లేదు, పన్ను లేదు." వినడానికి చుట్టరికం లాగే ఉంటుంది. తమ్ముడు తన ఇంట్లో పెట్టుకొని, తన జేబులోంచి మీకు తిండి పెడితే, ఊరు చూపిస్తే అది మర్యాద, దాన్ని ఎవరూ కాదనరు. ఇక్కడ రూపాయలిచ్చి అక్కడ దిర్హములు పుచ్చుకోవడం వేరు. అనుమతి ఉన్న సంస్థ ద్వారా కాకుండా ఇట్లా బదలాయించుకోవడాన్ని ఫెమా ఒప్పుకోదు. దొరికితే ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. నాలుగు వేలు మిగుల్చుకోబోయి తమ్ముడి కొలువును, మన ప్రశాంతతను పణంగా పెడుతున్నాం. ఎండలో కష్టపడి ఇంటికి పైసలు పంపే మనిషిని ఈ ఊబిలోకి లాగడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

లైసెన్సు లేని టూర్ ఏజెంటు "డాలర్లు మేమే ఇస్తాం" అన్నా అదే మాట. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మార్పిడి సంస్థ అయితే పాన్ కార్డు అడుగుతుంది, బిల్లు ఇస్తుంది, 50,000 రూపాయలు దాటితే నోట్ల రూపంలో తీసుకోకుండా బ్యాంకు ద్వారానే చెల్లించమంటుంది. ఇవి అడగని మనిషి మీకు సాయం చేస్తున్నట్టు కాదు. చాలా దేశాలకు ఒక ప్రయాణంలో నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి కొనరాదని, మన రూపాయలను 25,000 దాటి దేశం బయటికి తీసుకుపోరాదని కూడా బిల్లు ఇచ్చే చోటే చెప్తారు.

"పైసలు బ్యాంకు ద్వారా పోతే ఇరవై శాతం పన్ను పట్టుకుంటరు" అన్న భయం కూడా జనాన్ని నోట్ల వైపు నెడుతోంది. ఇది సగం తెలిసిన మాట. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో ప్రయాణానికి కొనే విదేశీ నోట్లు గానీ, ఫారెక్స్ కార్డులో నింపే సొమ్ము గానీ 10 లక్షలు దాటితేనే ఆ పన్ను, అంటే టీసీఎస్, వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న హద్దు ఇది. వారం రోజులకు పది లక్షలు ఖర్చుపెట్టే కుటుంబాలు మన దగ్గర ఎన్ని? విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో పెట్టే ఖర్చును ఈ లెక్కలో చేర్చబోమని 2023 జూన్ 28న ఆర్థిక శాఖే చెప్పింది. టూర్ ప్యాకేజీ మీద మాత్రం మొదటి రూపాయి నుంచీ వసూలు చేస్తారు, అది వేరు. వసూలు చేసినా అది పోయిన సొమ్ము కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది.

అయితే కార్డు ఉంటే చాలనే మాట నేను అనడం లేదు. తెలియకుండా కార్డు గీకేవాళ్లు నోట్లవాళ్ల కన్నా ఎక్కువే పోగొట్టుకుంటారు. పోయేది ఎక్కడంటే, షాపులో మిషను మీద ఒక ప్రశ్న వస్తుంది: దిర్హములలో కడతారా, రూపాయలలో కడతారా? మన వాళ్లు సంబరంగా రూపాయల మీద వేలు పెడతారు. తెలిసిన లెక్క కదా అని. అక్కడే దెబ్బ. ఆ రూపాయల రేటును నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, ఆ షాపు తరఫున మార్పిడి చేసే కంపెనీ. బజారు రేటు మీద ఐదారు శాతం, ఒక్కోసారి అంతకు మించి వేసుకుంటుంది. దాని పైన, రూపాయలలోనే జరిగినా విదేశీ లావాదేవీయే కదా అని మన బ్యాంకులు కొన్ని మరో శాతం కలుపుతాయి. ఎంచుకునే హక్కు కొనేవాడిదేనని కార్డు సంస్థల నియమాలే చెప్తున్నాయి. కాబట్టి షాపులో గానీ, హోటల్లో గానీ, ఏటీఎంలో గానీ ఎప్పుడూ ఆ దేశపు సొమ్ములోనే కట్టాలి. సేల్స్‌మన్ మిమ్మల్ని అడగకుండా రూపాయలు నొక్కితే రద్దు చేయించి మళ్లీ చేయమనడానికి మొహమాటపడకూడదు.

మార్పిడి రుసుము అసలు లేని కార్డులు ఇప్పుడు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. ప్రయాణానికి రెండు నెలల ముందు అట్లాంటిది ఒకటి తీసుకుంటే పైన చెప్పిన నాలుగు వేలలో చాలా భాగం మిగులుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు తీయడం మాత్రం చేయకూడదు, తీసిన రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. అప్పు భయం ఉన్నవాళ్లు ఫారెక్స్ కార్డు తీసుకోవచ్చు. దుబాయ్ పోతే అందులో దిర్హములే నింపాలి, డాలర్లు నింపి దిర్హములలో ఖర్చుపెడితే మళ్లీ అదే మూడున్నర శాతం. థాయ్‌లాండ్ ఏటీఎంలు మన కార్డుకు ఒక్కసారికి రెండు వందల బాట్లకు పైగానే తీసుకుంటాయి, కాబట్టి అక్కడ కొద్దికొద్దిగా పదిసార్లు తీయడం కన్నా కావలసింది ఒకేసారి తీయడం మేలు. యూపీఐ సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్ వంటి చోట్లకు చేరింది గానీ అన్ని షాపుల్లో చెల్లదు. దాన్నే నమ్ముకొని పోకూడదు.

నోట్లు ఎన్ని పెట్టుకోవాలంటారా? టాక్సీకి, బండి మీద తిండికి, చిన్న దుకాణానికి సరిపడా. వారం ఖర్చులో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. దానికి మించి నడుముకు కట్టుకొని తిరగడంలో ధైర్యం లేదు.

భద్రత గురించి మాట్లాడేవాళ్లకు ఒకటే చెప్తాను. నోట్ల కట్ట పోతే ఎవరూ తెచ్చివ్వరు. కార్డు పోతే ఫోనులో ఒక్క మీటతో ఆపవచ్చు. మన తప్పు లేకుండా, మూడోవాడి మోసంతో సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాడి మీద భారం ఉండదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2020 నుంచి కార్డులో విదేశీ వాడకాన్ని మనమే తెరుచుకోవాలి, హద్దు మనమే పెట్టుకోవాలి. పోయేముందు తెరిచి, వచ్చాక మూసేయవచ్చు. చేతిలో నోట్లుంటేనే ఖర్చు అదుపులో ఉంటుందనేవాళ్లు ఆ హద్దు ఒకసారి పెట్టి చూడాలి.

ఇంకో మాట మగవాళ్లతో. మన కుటుంబ ప్రయాణాల్లో కట్టంతా ఒక్కడి దగ్గరే ఉంటుంది. భార్య దగ్గర, తల్లి దగ్గర ఒక్క దిర్హం ఉండదు. మెట్రోలో తప్పిపోయినా, అతనికి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో పడ్డా, ఆ ఆడవాళ్లు పరాయి దేశంలో ఉత్త చేతులతో నిలబడాలి. భర్త కార్డుకు అనుబంధంగా ఇచ్చే కార్డు చాలదు, ఖాతా ఆగితే రెండూ ఆగుతాయి. వేరే బ్యాంకు కార్డు ఒకటి ఆమె పేరున, ఆమె సంచిలో, ఆమెకు తెలిసిన పిన్‌తో ఉండాలి. ముసలామె చేతిలో కూడా కొన్ని నోట్లు, హోటల్ చిరునామా చీటీ పెట్టాలి. పైసలు పంచి పెట్టడం ఖర్చు లెక్క కన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

మన ఊళ్లలోని బ్యాంకు శాఖలను, కరీంనగర్‌లోని మార్పిడి సంస్థలను ఒకటి అడుగుతున్నాను. "జీరో కమీషన్" బోర్డు పక్కన ఇంకో బోర్డు తెలుగులో పెట్టండి: ఈ రోజు బజారు రేటు ఇంత, మేం అమ్మే రేటు ఇంత, లక్ష రూపాయల మీద మా చేతికి మిగిలేది ఇంత. అది పెట్టేదాకా, కొనేవాళ్లు ఆ మూడు అంకెలూ నోరు తెరిచి అడగండి. చెప్పని చోట కొనకండి.