అద్దం కన్నా మట్టి మేలు
ఆధునిక గృహాన్ని పునరుద్ధరించి పరిసర ప్రకృతితో కలపడమంటే గోడ పడగొట్టి నిలువెత్తు అద్దం బిగించడమేనన్న అభిప్రాయం నగరాల్లో బలపడుతున్నది గాని, పడమటి ఎండను లోపలికి రప్పించి ఏసీపై భారం పెంచే ఆ అద్దం చెట్టును చూపగలదే తప్ప దాని చల్లదనాన్ని ఇంట్లోకి చేర్చజాలదు. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా (1919–2003) కొలంబోలో వరుసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లను క్రమంగా ఒకే నివాసంగా మలచినప్పుడు, గదుల మధ్య ఆకాశానికి తెరిచిన చిన్న ముంగిళ్లను నిలిపి, వెలుతురుకూ గాలికీ వానకూ లోపలే చోటిచ్చాడు; నడుమ పైకప్పు తెరిచి, కింద వాన నీటికి పల్లం వదిలి, చుట్టూ గదులు కట్టే తెలుగువారి మండువా లోగిలి సూత్రమూ ఇదే. కనుక పునరుద్ధరణ, ప్రహరీ దాకా పరిచిన సిమెంటును పెకలించి, వాన ఇంకే మట్టిని బయటపెట్టి, పడమటి గోడకు నీడనిచ్చే వేపమొక్కను నాటడంతో మొదలు కావాలి.