మారు వడ్డించేది ఎవరు?

మందుల చీటీ చేతికిస్తూ డాక్టరుగారు చివర్న ఒక మాట అంటారు, "తిండి విషయంలో కాస్త జాగ్రత్త" అని. అనేది ఎదురుగా కూర్చున్న ఆయనతో. జాగ్రత్త పడాల్సింది మాత్రం ఆ వేళకి ఇంట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్న ఆవిడ. ఏది మానాలి, ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది చీటీలో ఉండదు. ఆయన ఇంటికొచ్చి "అన్నం తగ్గించమన్నాడే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మిగతాదంతా ఆవిడ ఊహ, పక్కింటివాళ్ళ సలహా, సెల్‌ఫోనులో వచ్చిన వీడియో.

ఆ మిగతాది చెప్పడానికే చదువుకున్న మనిషి ఒకరున్నారని, ఆవిణ్ణి డైటీషియన్ అంటారని మన చిన్న ఊళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా సినిమా తారల్ని సన్నబరిచే మనిషి అనుకుంటారు. మా చిన్నాడపడుచు ఆ పనే చేస్తోంది కనుక ఈ సంగతులు నాకు కాస్త దగ్గరగా తెలుసు. హోమ్ సైన్సు చదివి, ఆపైన పోషకాహారంలో ఎం.ఎస్సీ. చేసింది. పెళ్ళిచూపుల్లో ఆ డిగ్రీ పేరు విని "అయితే వంట బాగా వచ్చన్నమాట" అన్నారు మగపెళ్ళివారు. ఇప్పటికీ అందరూ అదే అంటున్నారు లెండి.

ముందు నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో అయిదేళ్ళు చేసింది. పేరెందుకు గానీ, అక్కడ ఆమె పని మంచం మంచానికీ వెళ్ళి ఒక జిరాక్సు కాగితం చేతిలో పెట్టి రావడం. పల్లెటూరి రైతుకీ అదే, బ్యాంకు మేనేజరుకీ అదే. అందులో ఓట్సు, ఆలివ్ నూనె, బ్రొకోలీ అని రాసి ఉండేవి. "ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ వాళ్ళు నా వంక చూసే చూపు ఉంది చూశావూ, దానికి భయపడే వచ్చేశాను వదినా" అంటుంది. ఇప్పుడు మా గోదావరి జిల్లా ఊళ్ళో ఓ మందుల షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని కూర్చుంటోంది. వారానికి నాలుగు రోజులు. మనిషికి 200 రూపాయలు.

ఆ గదిలో నాకు నచ్చినదేమిటంటే, గోడల మీద పళ్ళ బొమ్మలు లేవు. బల్ల మీద మాత్రం ఓ స్టీలు గిన్నె, రెండు సైజుల గ్లాసులు, అన్నం హస్తం, కూర గరిటె ఉంటాయి. "రెండు కప్పులు తింటానండీ" అన్న మనిషి చేతికి గిన్నె ఇచ్చి, మీ కప్పు ఇందులో ఎంత అని అడుగుతుంది. ఒక్కొక్కరి కప్పు ఒక్కో చెరువు. తర్వాత, నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ పడుకునేదాకా ఏం తిన్నారో వరసగా చెప్పమంటుంది. ఇలా అడగడం ఆ చదువులో నేర్పేదే. కానీ మన మనుషుల దగ్గర నిజం రాబట్టాలంటే మన తిండి తెలిసుండాలి. ఆమె దగ్గర రోజూ వినపడే మాట ఒకటుంది.

"రాత్రిళ్ళు అన్నం పూర్తిగా మానేశానండీ. అయినా షుగరు దిగట్లేదు."

"మరి ఏం తింటున్నారు బాబాయిగారూ?"

"ఏముందమ్మా, ఇంత ఫలహారం. ఓ నాలుగట్లు, చట్నీ."

అట్ల పిండిలో ఒక వంతు మినప్పప్పుకి రెండు మూడు వంతుల బియ్యం వేస్తాం కదా! అన్నం మానేసి బియ్యాన్ని నూనెతో కాల్చి తింటున్నారు. ఉప్మా అయితే గోధుమ రవ్వ. చపాతీలు నాలుగైదు లాగించి అదేదో గొప్ప పథ్యం అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్న దగ్గర్నుంచీ కొర్రలు, సామలు ఇంటింటికీ వచ్చాయి. మంచివే, పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. కొర్రన్నం కదా అని కంచం నిండా పెట్టుకుంటే ఫలితం ఉండదు. చక్కెర మాని బెల్లం వేసుకున్న కాఫీ సంగతీ అంతే.

మన భోజనం తీరే వేరు. పప్పుతో ఒకసారి అన్నం, కూరతో ఒకసారి, చారుతో మళ్ళీ, పెరుగుతో చివర్న. నాలుగు వడ్డనలు. కూర అన్నంలోకి నంజుడే తప్ప అది విడిగా తినే వస్తువని మనం అనుకోం. అన్నం మానెయ్యమని మా ఆడపడుచు ఎవరికీ చెప్పదు. చెప్పినా పది రోజులకంటే మానరు. ముందు ఓ గిన్నెడు కూర ఉత్తదే తినెయ్యండి, పప్పు గరిట ముప్పాతిక వంతు కాకుండా నిండుగా వేసుకోండి, నాలుగు వడ్డనల్లో ఒకటి తీసెయ్యండి, ఏది తీసేస్తారో మీ ఇష్టం అంటుంది. చారన్నం వదులుకుంటారా, పెరుగన్నమా? దాని మీద ఆలుమగలిద్దరూ అక్కడే వాదించుకుంటారట. అలా వాదించుకున్నారంటే పని మొదలైనట్టే అని ఆమె లెక్క.

ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. మన జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇదే. ఆ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పేవాళ్ళు మన తార్నాకలోనే ఉన్నారు. 2024లో వాళ్ళు సవరించి ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులో మాంసమో కలిపి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు అని ఉంది. ధాన్యం కంటే కూర ఎక్కువ! మన కంచంలో ఇది తలకిందులు. ఆ లెక్క తార్నాక నించి మా ఊరి కంచందాకా రావాలంటే మధ్యలో చెప్పే మనిషి ఉండాలి. నేను అనేది అంతే.

గ్రాములంటే ఎవరికీ తలకెక్కదు గనక మా ఆడపడుచు నెల సరుకుల చీటీ అడుగుతుంది. ఇది నాకు భలే నచ్చింది. మీరూ ఇప్పుడే లెక్కేసుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకి కిలో ఉప్పు అయిపోతోందనుకోండి, తలకి రోజుకి 8 గ్రాములు దాటినట్టు. ఉండాల్సింది 5 గ్రాములలోపు, అంటే నలుగురికీ నెలకి 600 గ్రాములు. ఆవకాయలో వేసింది ఈ లెక్కలో లేదు, అది వేసవిలోనే జాడీకెక్కింది. నూనె అయిదు లీటర్లు అవుతుంటే తలకి రోజుకి దాదాపు 38 గ్రాములు. ఈ లెక్క మగవాళ్ళకి చెప్తే "అవునా" అని ఊరుకుంటారు. ఇంటావిడకి చెప్తే మర్నెల్లో నాలుగు లీటర్లే తెస్తుంది.

ఇదంతా తేలిక పని అనుకోకండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ విషయానికొస్తే మాట పొరపాటైతే ప్రాణం మీదికొస్తుంది. మా వైపు ఎవరికి ఏ నలత చేసినా కొబ్బరినీళ్ళు పట్టుకెళ్తాం. చలవ చేస్తుందని. డయాలసిస్ చేయించుకునే మనిషికి అదే కొబ్బరినీళ్ళలోని పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. బీపీ వాళ్ళకి మంచిదని అమ్మే సోడియం తగ్గించిన ఉప్పులో బదులుగా పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు దాన్ని ముట్టకూడదు. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబొయ్యకూడదని మనకి చిన్నప్పటి నించీ చెప్పారు గదా, పొటాషియం పెరిగినవాళ్ళకి ముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి. ఇంటిల్లిపాదికీ మంచి చేసేది ఒక్కరికి విషమైతే, ఆ ఇల్లాలికి ఎవరు చెప్పాలి? మూడు నిమిషాల్లో చెప్పగలరా?

కార్తీక సోమవారాలొస్తే ఆమె గదిలో ఇంకో తంతు. ఉపవాసం ఉంటారు, షుగరు మాత్ర మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటారు. కడుపు ఖాళీ, మాత్ర పని మాత్రం ఆగదు. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి గుడిమెట్ల మీద పడిపోయిన వాళ్ళున్నారు. ఉపవాసం వద్దని ఆమె అనదు. మాత్ర సంగతీ తను తేల్చదు. అక్కడికక్కడే డాక్టరుగారికి ఫోను చేసి ఆ రోజు మాత్ర ఏం చెయ్యాలో అడిగి, చీటీ మీద రాయించి పంపిస్తుంది. తన గీత ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు ఈ రంగంలో తక్కువ. నెల రోజుల కోర్సు చేసి, మందులు ఆపేయండి, నా పొడి తాగండి అనేవాళ్ళకి బోర్డులు పెద్దవి. మా ఆడపడుచు దగ్గరికీ పొడిడబ్బాల వాళ్ళు వచ్చారు, డబ్బాకింత కమిషన్ అని. ఆ కమిషన్ తీసుకుంటే గది అద్దె ఇట్టే వచ్చేసేది. తీసుకోలేదు. "రోజూ గుడ్డు తినమని చెప్పే నోటితో డబ్బా కొనమని ఎలా చెప్పను వదినా?" అంది. గుడ్డుకి ఆరు గ్రాముల మాంసకృత్తులు, ఖరీదు చూస్తే ఆ డబ్బాల కంటే ఎంతో చవక.

అసలు సంగతికి వస్తాను. ఆమె గదిలో రోగికి ఒక కుర్చీ కాదు, రెండు కుర్చీలు వేసింది. వండేవాళ్ళు రాకపోతే చూడనంటుంది. భార్యో, కోడలో, కూతురో. ఒక్కో ఇంట్లో వంటమనిషి. మొదట్లో మగవాళ్ళు విసుక్కున్నారు, జబ్బు నాదైతే ఆవిడెందుకని. "మారు వడ్డించేది ఆవిడే గదండీ!" అంటుంది నవ్వుతూ.

ఆ రెండో కుర్చీలో కూర్చున్నావిడని కూడా నిన్న ఏం తిన్నారని అడుగుతుంది. అప్పుడు వచ్చే జవాబు మీకూ నాకూ తెలిసిందే. "నాదేముంది లెండి." పొద్దున్న కాఫీ, పదకొండింటికి మిగిలిన రెండిడ్లీలు, అందరూ తిన్నాక రెండున్నరకి గిన్నె అడుగున మిగిలిన కూరతో ఇంత అన్నం, పారెయ్యలేక పిల్లాడు వదిలిన పెరుగన్నం. భర్తకి విడిగా కొర్రన్నం, అత్తగారికి ఉప్పు లేని పప్పు, పిల్లలకి ఏదో వేపుడు. మూడు వంటలు చేసిన మనిషికి తనకంటూ వంట లేదు. మెట్లెక్కితే ఆయాసం అంటుంది. వయసొస్తోంది కదండీ అంటుంది నలభై నిండకుండానే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో వందకి 58.8, తెలంగాణలో 57.6. సగం కంటే ఎక్కువమంది. షుగరు గురించి ఊరంతా మాట్లాడుకుంటున్నాం, తప్పు లేదు, దేశంలో 10 కోట్ల మందికి పైగా ఉందని 2023లో వైద్య పరిశోధన మండలి లెక్క తేలింది. మరి ఈ రక్తం సంగతి ఎవరు మాట్లాడతారు? భోజనమవగానే టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదని, ఆ టీ గంట ఆగి తాగాలని, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుందని చెప్పడానికి ఖర్చేముంది? మా ఆడపడుచు భర్త చీటీ వెనకే భార్య సంగతి రాస్తుంది, విడిగా ఫీజు తీసుకోదు. ఇంట్లో అందరికీ ఒకటే వంట, ఒంటిగంటకి అందరితో పాటే కంచం అని మొదట రాస్తుంది. ఆ రెండో మాట చదివి కొందరు మగవాళ్ళు నవ్వుతారట. నవ్వేవాళ్ళ చేత ఆ వాక్యం పైకి చదివిస్తుందట!

ఇక రాబడి సంగతి. రక్తపరీక్షకి వేలు పోస్తాం, స్కానింగుకి అప్పు చేస్తాం. అరగంట కూర్చుని మన ఇల్లు మొత్తం అర్థం చేసుకుని చెప్పినదానికి "మాటలకి 200 రూపాయలా!" అంటాం. ఈ చదువు చదివి ఇళ్ళలో కూర్చున్న ఆడపిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో! డిగ్రీని వంట సర్టిఫికెట్టుగా చూసే ఊళ్ళో వాళ్ళు బోర్డు పెట్టడానికి ఎలా సాహసిస్తారు? 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది, పోషకాహార నిపుణుల్ని కూడా అందులో చేర్చింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు, రిజిస్టర్లు ఉండాలంది. ఆ రిజిస్టరు గట్టిగా అమలైతే పొడిడబ్బాల వైద్యులు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు. దాంతో పాటు ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ షుగరు, బీపీ, కిడ్నీ రోగులకి ఓపిగ్గా కూర్చుని చెప్పే ఒక డైటీషియన్ ఉండాలి, జిరాక్సు కాగితాల కోసం కాదు. మందుల మీద పెట్టే ఖర్చులో ఆ జీతం ఎంతని?

మీ ఊళ్ళో అలాంటి గది ఉంటే ఒకసారి వెళ్ళండి. ముందు ఏం చదివారో అడగండి, అడగడం తప్పు కాదు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, నెల సరుకుల చీటీ, మీరు రోజూ అన్నం కొలిచే గిన్నె పట్టుకెళ్ళండి. ఆయన రక్తపరీక్ష కాగితాలు ఎలాగూ ఫైల్లో ఉంటాయి. మీవి చేయించి ఎన్నేళ్ళయిందో చూసుకుని, అవి కూడా.