పాత నాదం – కొత్త వేగం

నూతనత్వం పట్ల ఆకాంక్ష, పాతదాని పట్ల మమకారం – ఈ రెండూ మానవ స్వభావంలో ఏకకాలంలో నెలకొని ఉంటాయి. కొత్త కావ్యం వెలువడగానే దానిని పాత కావ్యాలతో తూచి చూడడం రసజ్ఞులకు పరిపాటి. యంత్రాల విషయంలోనూ ఈ వివాదం తప్పదు. ఒక వస్తువు ఎంతగా ప్రేమకు పాత్రమైతే, దానిలో జరిగే మార్పు అంతగా విమర్శకు గురవుతుంది. జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరానికి చెందిన పోర్షే సంస్థ నిర్మించే ‘911’ అనే స్పోర్ట్స్ కారు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారిగా లోకానికి దర్శనమిచ్చింది. దాని రూపశిల్పి ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే. గుండ్రని దీపాలు, వెనుకకు వాలిన పైకప్పు, వెనుక చక్రాలకు ఆవల అమర్చిన ఆరు సిలిండర్ల ఇంజను – ఇవి దాని ప్రధాన లక్షణాలు. తరాలు మారినా ఈ లక్షణాలు చాలావరకు చెదరలేదు. 2011లో ఏడవ తరం కారు వెలువడింది. ఒక తరం నడిమి వయసుకు వచ్చిన తరువాత దానిని కొంత సంస్కరించి మళ్ళీ విడుదల చేయడం కార్ల పరిశ్రమలో ఆనవాయితీ. ఆ ప్రకారం 2015 సెప్టెంబరులో సంస్కరించిన కారు వచ్చింది. ఇటువంటి సంస్కరణలలో సాధారణంగా దీపాల తీరు, లోపలి అలంకరణ మాత్రమే మారుతాయి. ఈసారి మాత్రం గుండె మారింది.

అంతవరకు ఈ తరంలోని సాధారణ నమూనా అయిన ‘కరేరా’లో ఇంజను సహజంగా ఊపిరి పీల్చుకొనేది. అంటే, పిస్టన్ వెనుకకు జరిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తనంతట తానే ప్రవేశించేది. సంస్కరించిన కరేరాలో ఇంజను పరిమాణం 3.4 లీటర్ల నుంచి 3 లీటర్లకు తగ్గింది. ఆ లోటును పూరించడానికి రెండు టర్బోఛార్జర్లను అమర్చారు. పొగగొట్టం గుండా వృథాగా పోయే వాయువుల వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు మరొక కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక దానిని చల్లబరచే పరికరాలు కావాలి. సంస్కరించిన కారు వెనుక చక్రాల వెనుక కనిపించే గాలి రంధ్రాలు అలంకారాలు కావు. ఆ పరికరాలనుంచి వెలువడే గాలికి దారులు. టర్బో ఈ వంశానికి అపరిచితమేమీ కాదు. 1974లో పారిస్ ప్రదర్శనలోనే టర్బో గల 911 కనిపించింది. అయితే అది ప్రత్యేక నమూనా. సాధారణ కరేరాకు టర్బో రావడమే 2015లో జరిగిన విశేషం.

అంకెలను బట్టి చూస్తే కొత్తదానిదే విజయం. కరేరా సామర్థ్యం 350 అశ్వసామర్థ్యం నుంచి 370కి పెరిగింది. చక్రాలను తిప్పే బలం, అంటే టార్క్, 390 న్యూటన్ మీటర్ల నుంచి 450కి చేరింది. పాత ఇంజను ఆ గరిష్ఠ బలాన్ని నిమిషానికి 5600 భ్రమణాల వద్ద అందించేది. కొత్తది 1700 భ్రమణాల వద్దనే అందిస్తుంది. మరింత శక్తిమంతమైన ‘కరేరా ఎస్’ నమూనా, తగిన పరికరాలతో, నిశ్చల స్థితి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని 3.9 సెకన్లలో అందుకుంటుంది. పాతదానికి 4.1 సెకన్లు పట్టేది. ఇంత వేగం పెరిగినా ఇంధన వ్యయం తగ్గింది. ఆటోమేటిక్ గేర్లు గల కరేరా నాటి అధికారిక పరీక్షలో వంద కిలోమీటర్లకు 8.2 లీటర్ల పెట్రోలు తాగేది, కొత్తది 7.4 లీటర్లతో సరిపెట్టుకుంది.

ఇన్ని గుణాలుండగా పాతదానికోసం విచారించేవారు ఎందుకున్నారు? వారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. పాత ఇంజనులో బలం మెల్లమెల్లగా పెరిగేది. గాయకుడు మంద్రస్థాయిలో ఆలాపన ఆరంభించి, మెట్టు మెట్టుగా తారస్థాయిని అందుకున్నట్లు, ఆ ఇంజను భ్రమణాలు పెరిగినకొద్దీ శక్తీ, నాదమూ కలిసి పైకి పోయేవి. దాని బలాన్ని పొందాలంటే చోదకుడు తగిన గేరును ఎంచుకోవాలి, తగిన క్షణం కోసం వేచి ఉండాలి. సారథికి నేర్పు ఉంటేనే రథం ఫలమిచ్చేది. కొత్త ఇంజను అడగకముందే బలాన్ని చేతిలో పెడుతుంది. పైగా పొగ దారిలో టర్బో చక్రాలు అడ్డు నిలవడం వల్ల నాదం కొంత మందగించింది. పాదం నొక్కిన క్షణానికీ బలం అందే క్షణానికీ నడుమ స్వల్ప విరామం ఏర్పడింది. ఇంజనీర్లు దానిని ఎంతో తగ్గించగలిగారు గాని పూర్తిగా రూపుమాపలేకపోయారు. ఈ నష్టాలలో ఏదీ పై అంకెలలో కనిపించదు. సెకన్లను కొలిచే గడియారం ఉంది. ఆనందాన్ని కొలిచే గడియారం లేదు.

ఈ మార్పుకు మూలం కేవలం వేగకాంక్ష కాదు. 2009లో ఐరోపా సమాఖ్య ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 2015 నాటికి కొత్త కార్లు వెలువరించే కార్బన్ డయాక్సైడు సగటు కిలోమీటరుకు 130 గ్రాములకు దిగాలి. తరువాతి మెట్టు 95 గ్రాములు. ఆటోమేటిక్ కరేరా వెలువరించే 194 గ్రాములు సంస్కరణతో 169కి తగ్గాయి. ఏటా కోట్ల కార్లు తయారయ్యే లోకంలో కొద్దిమంది నడిపే ఈ కారు పొగ ఎంతటిదని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది కాదు. గాలి అందరిదీ. అధిక ధర చెల్లించగలిగినవారి ఆనందానికి ఉమ్మడి నియమం నుంచి మినహాయింపు కోరడం ధర్మం అనిపించుకోదు. అయితే పరీక్షాఫలితాలను యథాతథంగా నమ్మడమూ వివేకం కాదు. టర్బో ఇంజను నెమ్మదిగా నడిచే పరీక్షలో చేసినంత పొదుపు రహదారిపై వేగంగా నడిపినప్పుడు చేయదు. నాటి పరీక్షా పద్ధతి వాస్తవానికి దూరంగా ఉన్నదనే 2017 నుంచి ఐరోపాలో కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు.

ఇక్కడ మరొక సంగతి గమనించదగినది. ఇప్పుడు కొందరు నెత్తిన పెట్టుకొనే ఆ ‘పాత’ కారు, 2011లో తాను కొత్తగా వచ్చినప్పుడు నిందలు మోసింది. స్టీరింగుకు ద్రవపీడనానికి బదులు విద్యుత్ సహాయం అమర్చినందువల్ల రహదారి స్పర్శ చేతులకు అందడం లేదని అప్పుడు ఆక్షేపించారు. అంతకు ముందు 1997లో, గాలితో చల్లబడే ఇంజనుకు బదులు నీటితో చల్లబడే ఇంజను వచ్చినప్పుడు, 911 ఆత్మే పోయిందని వాపోయినవారున్నారు. ప్రతి పాతదీ ఒకనాటి అపరాధి అయిన కొత్తదే. కనుక ‘పాతది’ అన్న కారణం చేత దేనినీ గొప్పదనకూడదు.

అలాగని విచారించినవారంతా భ్రమపడ్డారని చెప్పలేము. 2016లో ఇదే సంస్థ తన చిన్న కార్లు బాక్‌స్టర్, కేమన్‌లలో ఆరు సిలిండర్లను తీసివేసి, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనును అమర్చింది. దాని ధ్వని అభిమానులకు రుచించలేదు. 2020లో వాటి జీటీఎస్ నమూనాకు సహజంగా ఊపిరి పీల్చే 4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను తిరిగి వచ్చింది. 911లో కూడా జీటీ3 అనే నమూనా నిమిషానికి 9000 భ్రమణాలు చేసే అటువంటి ఇంజనునే నిలుపుకొన్నది. పోయినది విలువైనదే అని నిర్మాతలు చేతలతో అంగీకరించారు.

ఇక తీర్పు ఏమిటి? నిత్యప్రయాణానికి, వేగానికి, ఇంధన పొదుపుకు సంస్కరించిన కారే మేలైనది. ఉమ్మడి గాలిని దృష్టిలో పెట్టుకుంటే ఆ సంస్కరణ అవసరమైనది కూడా. కాని ప్రయాణం ఒక్కటే లక్ష్యమైతే స్పోర్ట్స్ కారు ఎందుకు? నడపడంలోని ఆనందమే దాని పరమార్థం. ఆ ఒక్క విషయంలో పాతదానిదే పైచేయి. మార్పు సమంజసమైనంత మాత్రాన నష్టం నష్టం కాకపోదు. లాభాన్ని మాత్రమే చాటేవాడు వ్యాపారి; నష్టాన్ని మాత్రమే తలచేవాడు విలాపి; రెండింటినీ త్రాసులో ఉంచి చూచేవాడే విమర్శకుడు.

2024లో 911 జీటీఎస్ నమూనాకు విద్యుత్ మోటారు తోడైంది. టర్బో చక్రాన్ని వెంటనే తిప్పడానికి టర్బోఛార్జర్‌లోనే మరొక చిన్న మోటారును అమర్చారు. 2015లో పుట్టిన ఆ స్వల్ప విరామానికి ఇది ఇంజనీర్ల సమాధానం. బరువు పెరిగిందన్న ఫిర్యాదూ వెంటనే పుట్టింది. ఇలా విమర్శ లోపాన్ని చూపుతుంది, శాస్త్రం దానిని సరిదిద్దుతుంది, ఆ దిద్దుబాటు మరొక విమర్శకు తావిస్తుంది. పోయినదేమిటో గుర్తుంచుకొనేవారు ఉన్నంతకాలం రాబోయేది మెరుగు పడుతూనే ఉంటుంది.