కత్తి చూపిస్తారు, ఒర కుట్టినోణ్ణి చూపించరు

మ్యూజియంలో యుద్ధాల చరిత్ర మీద ఉపన్యాసం ఉందంటే మన వాడల్లో ఎవరూ చెవిన పెట్టరు. అది చదువుకున్నోళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటారు. మనకే కావాలని మేం అంటున్నాం. ఎందుకంటే అక్కడ చెప్పేది రాజుల సంగతి, చెప్పకుండా వదిలేసేది మన సంగతి.

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951లో తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. అంటే అది నవాబుగారి దేవిడీ కాదు, ప్రజల సొత్తు. అందులో ఆయుధాల గది ఉంది. కత్తులు, బాకులు, డాళ్ళు, ఇనుప కవచాలు ఉన్నాయి. పాదుషాల పేర్లు, నవాబుల పేర్లు ఉన్నాయి. ఉండనీయండి. కానీ ఆ కత్తి ఒరకి తోలు తొడిగినోడు ఎవడు? గుర్రానికి జీను కుట్టినోడు ఎవడు? యుద్ధభేరికి తోలు బిగించినోడు ఎవడు? దండు దిగినచోట పాకీ పని చేసినోడు ఎవడు? ఈ చేతులు లేకపోతే ఏ రాజు దండూ పదిమైళ్ళు నడవదు. అద్దాల పెట్టెల్లో ఆ చేతులకి చోటు లేదు.

మనవాళ్ళు పనోళ్ళే కాదు, సిపాయిలు కూడా. 1818 జనవరి 1న పూనా దగ్గర కోరేగావ్‌లో కంపెనీ దండుకీ పీష్వా దండుకీ పోరు జరిగింది. అక్కడి స్తంభం మీద చచ్చిపోయిన 49 మంది కంపెనీ సైనికుల పేర్లున్నాయి. అందులో 22 పేర్లు ‘నాక్’తో ముగుస్తాయి. అవి మహార్ల పేర్లు. మెడకి ముంత, నడుముకి చీపురు కట్టించిన పీష్వాల రాజ్యం అదేనని మహార్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అంబేద్కర్ 1927 జనవరి 1న ఆ స్తంభం దగ్గరికి వెళ్ళాడు.

ఇక్కడ ఒక మాట. 500 మంది మహార్లు 28 వేల మందిని ఓడించారని మన సభల్లో చెప్తుంటారు. ఆ కంపెనీ దండులో మహార్లతో పాటు వేరే కులాలవాళ్ళూ, ముస్లింలూ ఉన్నారు. మద్రాసు ఫిరంగి దళం నుంచి వచ్చిన తెల్లవాళ్ళూ ఉన్నారు. పీష్వా సైన్యం మొత్తం ఆ పోరులోకి దిగలేదు. పగలంతా నీళ్ళు లేక, తిండి లేక నిలబడి కొట్లాడారు. రాత్రికి పీష్వా దండు వెనక్కి తగ్గింది. ఇది చాలు మనకి. ఉన్నదానికి కలిపి చెప్తే, ఆ కలిపిన ముక్కని పట్టుకుని మొత్తం అబద్ధమంటారు.

‘తెల్లోడి తరఫున కొట్లాడినోడికి గొప్పేంటి?’ అని అగ్రకుల పండితులు అడుగుతారు. ఈ ప్రశ్న రాజుల్ని ఎందుకు అడగరు? 1798లో తెల్లోడితో ఒప్పందం చేసుకుని, 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు మీదికి దండు పంపినోడు నిజాం. 1802లో బస్సైన్ ఒప్పందం మీద సంతకం పెట్టి, తెల్లోడి తుపాకుల నీడన తిరిగి గద్దె ఎక్కినోడు పీష్వా. వాళ్ళు గద్దె కోసం పోయారు. మనోడు జీతం కోసం, పింఛను కోసం, తనని మనిషిగా నిలబెట్టే యూనిఫాం కోసం పోయాడు. రాజు చేస్తే రాజనీతి, మాలోడు మాదిగోడు చేస్తే ద్రోహమా?

తెల్లోడికి జేజేలు కొట్టమని మేం చెప్పటం లేదు. వాడూ మనల్ని వాడుకుని గెంటేశాడు. 1857 తర్వాత ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం తెచ్చారు. ఫలానా కులం వీరులది, ఫలానా కులం పనికిరానిది అన్నారు. మన మనువు మాటే ఇంగ్లీషులో చెప్పారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళని తగ్గించారు. 1892 ప్రాంతంలో మహార్లని చేర్చుకోవటం ఆపేశారు. మళ్ళీ తీసుకోండని శివరాం జాన్బా కాంబ్లే 1910లో అర్జీ పెట్టాడు. ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సి వచ్చి 1917లో మహార్ దళం పెట్టారు, 1921లో ఎత్తేశారు. మద్రాసు పయనీర్లని 1933లో ఎత్తేశారు. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టారు, 1946లో ఎత్తేశారు. అక్కరకి పిలుపు, అక్కర తీరాక గెంటు. 1941లో పెట్టిన మహార్ రెజిమెంట్ నిలబడింది.

సిపాయి కొలువు మనకి ఏమిచ్చిందో కూడా చెప్పాలి. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు, సైన్యం బడిలో పాఠాలు చెప్పినోడు. ఆ తలుపు మూసేశారంటే ఒక కొలువు పోవటం కాదు, పిల్లల చదువు పోవటం. ఈ సంగతి ఉపన్యాసంలో ఎవరు చెప్తారు? చెప్పకపోతే నష్టమేంటో 2018 జనవరి 1న చూశాం. కోరేగావ్‌కి 200 ఏళ్ళని వెళ్ళిన జనం మీద రాళ్ళు వేశారు. మన జ్ఞాపకం కొందరి కళ్ళకి అంత నొప్పి.

అందుకని చెయ్యాల్సిన పనులు చెప్తున్నాం.

ఒకటి. మ్యూజియంలో ఉపన్యాసం ఉందని తెలిస్తే పదిమంది కలిసి వెళ్ళండి. అయిపోయాక లేచి అడగండి: సిపాయిలు ఏ కులాలవాళ్ళు? జీతం ఎంత? చచ్చిపోతే పెళ్ళాం పిల్లలకి ఏమిచ్చారు?

రెండు. ఇంగ్లీషులో, పనిరోజున పెడితే కూలికి పోయేవాళ్ళు ఎట్లా వస్తారు? తెలుగులో, ఆదివారం పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

మూడు. 2005 సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. కేంద్ర సంస్థకైతే పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖ దిగువనున్నవాళ్ళకి అదీ లేదు. ఎన్ని ఉపన్యాసాలు పెట్టారు, ఏ విషయాల మీద, ఎంత ఖర్చయింది అని అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. తాతలు పట్టాళంలో చేసి వచ్చిన ఇళ్ళు మన వాడల్లో ఉన్నాయి. ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జి కాయితం, పతకం, పింఛను పుస్తకం ఉండొచ్చు. తీసి చూడండి. జిరాక్స్ తీయించండి. అసలు కాయితం ఎవరికీ ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే రశీదు లేకుండా ఇవ్వొద్దు. ముసలమ్మలు చెప్పే మాటలు రాసిపెట్టండి.

మద్రాసు సైన్యం రికార్డులు చెన్నై ఆర్కైవ్స్‌లో, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. రాజుల కత్తులు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. మన ట్రంకుపెట్టెలు మాత్రం చెదలు పడుతున్నాయి. చెదలు తినేలోపు తెరవండి.